మూసకు వకాల్తా

సాహిత్యంలో ‘మూస’ అన్నది తిట్టు. మూస కథ, మూస పాత్ర, మూస కవిత. పుస్తకాల మీద రాసినప్పుడల్లా నేనూ ఆ తిట్టుని ధారాళంగానే వాడుతుంటాను, ఇకముందూ వాడతాను. కానీ పగటిపూట నాకు జీతమిచ్చే పనిలో ఆ మాటకి మర్యాద ఎక్కువ. అక్కడ దాన్ని ప్యాటర్న్ అంటాం. ఒక సమస్యకి పదిమందికీ అలవాటైన పరిష్కారం ఉన్నప్పుడు దాన్నే వాడు, నీ తెలివి ఇంకోచోట చూపించుకో. మా వృత్తిలో మొదట్లోనే నేర్పే పాఠం ఇది.

ఈ మధ్య మా వృత్తివాళ్లు కొందరు ఆ పాఠం మర్చిపోయి కవులైపోయారు. అది చాలదన్నట్టు కవులు కొందరు వెబ్‌సైట్లు కట్టిస్తున్నారు. ఇద్దరూ కలిసి చదివేవాడి ప్రాణం తీస్తున్నారు. నా గొడవ దాని గురించే.

మన సాహిత్యపు సైట్లు కొత్త రూపం ఎత్తినప్పుడల్లా ఏం జరుగుతోందో చూడండి. పైన ఓ మూల ఉండాల్సిన సెర్చ్ పెట్టె మాయమవుతుంది. కథ పేరు నొక్కితే కథ తెరుచుకోదు, ఒక బొమ్మ నెమ్మదిగా కరుగుతుంది. రచయిత పేరు నిలువుగా ఉంటుంది, మెడ వంచి చదవాలి. లింకుకి గీత ఉండదు, రంగు ఉండదు, ఏది నొక్కాలో చీకట్లో స్విచ్చి వెతుక్కున్నట్టు తడుముకోవాలి. ‘కథలు’, ‘వ్యాసాలు’, ‘పాత సంచికలు’ అని రాయడం నామోషీ కదా, అందుకని మెనూలో ‘ప్రవాహం’, ‘అలికిడి’, ‘గూడు’ అని ఉంటుంది. గూటిలో ఏముంటుందండీ? కవితలా, సంపాదకుడా? వెనక్కి వెళ్లే బటన్ నొక్కితే వెనక్కి కాదు, మొదటికే పోతాం. వీటన్నిటికన్నా ఘోరం కవితని ఫొటోగా పెట్టడం. ఫొటోలో ఉన్న కవితని వెతకలేం, అందులో రెండు పంక్తులు కాపీ చేసి స్నేహితురాలికి పంపలేం. చూపు లేనివాళ్లకి పేజీని చదివి వినిపించే ఫోన్ అక్కడికొచ్చి మూగబోతుంది. అక్షరాన్ని అక్షరంగా ఉంచడం కూడా ఒక పాత పద్ధతే మరి, దాన్ని కూడా వదిలించుకున్నారు. పేర్లు చెప్పను. చెబితే ఆ ఒక్కళ్ల జబ్బనుకుంటారు.

వెబ్‌సైట్లని మనుషులు ఎలా వాడతారో చూడటమే వృత్తిగా పెట్టుకున్న జేకబ్ నీల్సన్ 2000లో ఒక మాటన్నాడు. మా వాళ్లు దాన్ని ఆయన పేరుతోనే సూత్రం చేసుకున్నారు. జనం తమ సమయంలో ఎక్కువ భాగం గడిపేది నీ సైటులో కాదు, మిగతావాళ్ల సైట్లలో. అందుకని నీ సైటు కూడా తమకి తెలిసిన సైట్లలాగే పనిచేయాలని కోరుకుంటారు. ఇంతే సూత్రం. ఇందులో గొప్ప తత్వం ఏమీ లేదు. నీ సైటు వాళ్ల జీవితంలో చాలా చిన్న విషయం అని చెప్పడమే. సైటు కట్టిన ఎవరికీ ఇది మింగుడు పడదు.

మా వైపు ఈ సూత్రాన్ని రైలెక్కి చూడొచ్చు. తెనాలి, బాపట్ల మెయిన్ లైను మీద ఉన్నాయి. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకి ఒక బ్రాంచి లైను వెళ్తుంది. పెద్ద జంక్షనైనా, రోజుకి నాలుగు బళ్లు ఆగే స్టేషనైనా బోర్డు మాత్రం ఒకటే రకం. పసుపు పలక, నల్లటి అక్షరాలు, మూడు భాషలు. అర్ధరాత్రి కిటికీలోంచి పసుపు కనబడితే చాలు, ఊరి పేరు ఎక్కడ రాసి ఉంటుందో వెతకం, చదివేస్తాం. బాపట్లకి సూర్యలంక సముద్రం ఉంది కదా అని అక్కడి బోర్డుని నీలం రంగు అలల ఆకారంలో చేయించారనుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో చాలా అందంగా ఉంటుంది. బాపట్లలో దిగాల్సిన మనిషి చీరాలలో దిగుతాడు.

రేపల్లెలో మా బాబాయి ఉన్నాడు. రిటైరైన తెలుగు మాస్టారు. నాలుగేళ్లుగా పెన్షన్ పడిందో లేదో బ్యాంకు యాప్‌లో తనే చూసుకునేవాడు, కరెంటు బిల్లు తనే కట్టేవాడు, మనవరాలికి పుట్టినరోజు డబ్బులు తనే పంపేవాడు. ఆ విద్య పట్టుబడటానికి ఆయనకి ఒక వేసవి సెలవులంతా పట్టింది. ఒక చీటీ రాసుకుని అద్దం వెనకాల పెట్టుకున్నాడు. పైన ఎడమ పక్క మూడు గీతలు, అందులో మూడో వరుస, కిందికి జరిపితే నీలం బటన్. ఆ మూడు గీతల బొమ్మ 1981లో జిరాక్స్ వాళ్ల స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ అనే డిజైనర్ గీసింది. నలభై ఏళ్లు ప్రపంచమంతా తిరిగి రేపల్లెలో మా బాబాయి చీటీలోకి ఎక్కింది. ఆ ప్రయాణం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

పోయినేడు ఆ బ్యాంకు, పేరు అనవసరం, ఒక రాత్రి యాప్ ముఖం మార్చేసింది. మూడు గీతలు లేవు. నీలం బటన్ లేదు. పొద్దున్నే నాకు ఫోన్. “ఒరేయ్ అబ్బాయ్, ఇది మన బ్యాంకు కాదురా. ఎవడో దొంగ యాప్ దూర్చాడు.”

నేను నవ్వలేదు. ఎందుకంటే పేజీ ఎప్పట్లా కనిపించకపోతే అనుమానించండి, వివరాలు ఇవ్వకండి అని ఆయనకి మెసేజీలు పంపింది కూడా ఆ బ్యాంకే. ఆయన అక్షరాలా వాళ్లు చెప్పినట్టే చేశాడు. ఎప్పట్లా లేదు, అనుమానించాడు, మానేశాడు. ఒక చేత్తో తేడా కనిపిస్తే పారిపొమ్మని నేర్పుతూ, ఇంకో చేత్తో ఉన్నట్టుండి తేడా తెచ్చిపెట్టడం ఏం న్యాయం? మోసం నుంచి కాపాడే మొదటి గోడ అలవాటే. దాన్ని బ్యాంకే కూలగొట్టింది. పైగా ‘మీకోసం సరికొత్త అనుభవం’ అని ఒక బెలూన్ల బొమ్మ.

ఇప్పుడాయన బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్తున్నాడు. పనికింత అని తీసుకుంటారు. డబ్బు పెద్ద విషయం కాదు. ఆ సెంటర్ కుర్రాడి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అందులో వరసగా పేర్లు, ఫోన్ నంబర్లు, పాస్‌వర్డులు. కుర్రాడు మంచివాడే, పెద్దవాళ్లంటే గౌరవం ఉన్నవాడే. కానీ ఆ నోట్‌బుక్ బల్ల మీద తెరిచే ఉంటుంది. అందులో ఉన్న ప్రతి పేరు వెనకా ఒకప్పుడు తన పని తను చేసుకున్న మనిషి ఉన్నాడేమో అని నా అనుమానం. వాడుకలో సౌకర్యం అంటే ఏదో సోఫా మెత్తదనం లాంటిది అనుకునేవాళ్లు ఆ పుస్తకం ఒక్కసారి చూడాలి. పోయింది సౌకర్యం కాదు. ఒక పెద్దమనిషి తన డబ్బు లెక్క ఇంకొకళ్లకి చూపించకుండా బతికే హక్కు.

అద్దం వెనకాల చీటీ ఎవరి ఆస్తి? నా వాదనంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోడానికి జనం పడ్డ శ్రమకి డిజైనర్ పైసా ఇవ్వలేదు. అది వాళ్లు తమ టైమూ తమ సిగ్గూ ఖర్చుపెట్టి సంపాదించుకున్నది. సిగ్గు అని ఎందుకన్నానంటే, అరవై దాటినవాళ్లు ఫోన్ పట్టుకుని పదేళ్ల పిల్లల్ని అడగటంలో అది చాలా ఖర్చవుతుంది. మెనూ ఎడమ నుంచి కుడికి మార్చిన ప్రతిసారీ ఆ ఆస్తిలో కొంత తీసేసుకుంటున్నాం. తీసుకున్నందుకు అంతకంటే ఎక్కువ ఏదైనా ఇస్తే సరే. ఇచ్చేది ఎక్కువసార్లు డిజైనర్ పోర్ట్‌ఫోలియోలో ఒక కొత్త స్క్రీన్‌షాట్, మేనేజర్‌కి ఆ ఏడాది అప్రైజల్‌లో ఒక వాక్యం. నేను ఆ మీటింగుల్లో కూర్చునే మనిషినే కాబట్టి ఊహించి చెప్పడం లేదు.

పెద్ద కంపెనీలకి ఈ పాఠం గట్టిగానే తగిలింది. 2012లో మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేశారు. ఏడాది తిరిగేసరికి 8.1లో బటన్‌ని మళ్లీ తెచ్చి మూలన పెట్టాల్సొచ్చింది. 2018లో స్నాప్‌చాట్ రూపం మారిస్తే పాతది తిరిగివ్వండి అంటూ పన్నెండు లక్షల మందికి పైగా ఆన్‌లైన్లో సంతకాలు పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది కుర్రకారే అయ్యుంటారు, కొత్తదనం కోసం చచ్చిపోతారని మనం అనుకునే వయసు. తేడా ఏంటంటే వాళ్లకి గోల చేయడం తెలుసు. మా బాబాయి సంతకం పెట్టడు. నెట్ సెంటర్‌కి వెళ్తాడు. ఏ లెక్కలోనూ ఆయన ఫిర్యాదు కనబడదు. యాప్ తెరవడం మానేసిన మనిషి ‘వృద్ధులు అంతగా ఆసక్తి చూపడం లేదు’ అనే వాక్యంగా మారి మీటింగులోకి వస్తాడు.

ఇక్కడ సాహిత్యం మిత్రులు చెయ్యెత్తుతారు. నువ్వు ఇంజనీరువి, కొత్తదనం విలువ నీకేం తెలుసు, కళకి మూస చావు కదా అని. వాళ్ల కోసం తెనాలి వెళ్దాం.

చందమామని స్థాపించినవాళ్లలో చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ‘చదువు’ నవల రాసిన మనిషి. మూఢనమ్మకాన్ని, మొద్దు ఆలోచనని జీవితాంతం కలంతో చీల్చిన మనిషి. ఆయన చేతికింద నెలనెలా బేతాళ కథ ఎలా వచ్చేదో గుర్తు తెచ్చుకోండి. రాజు చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్తాడు, శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు, శ్మశానం వైపు నడుస్తాడు. శవంలోని బేతాళుడు కథ మొదలెడతాడు. కథయ్యాక ప్రశ్న, జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుందన్న బెదిరింపు, రాజు జవాబు, మౌనం పోయింది కాబట్టి శవంతో సహా బేతాళుడు మళ్లీ చెట్టెక్కడం. పైన శంకర్ వేసిన అదే బొమ్మ, కత్తి పట్టిన రాజు, భుజం మీద శవం. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే. అవి అయిపోయాక కూడా అదే చట్రంలో కొత్త కథలు దశాబ్దాల పాటు వచ్చాయి.

ఏళ్ల తరబడి ఒక్క గుమ్మం మారలేదు. ఎందుకు? కుటుంబరావుకి ఊహ తక్కువై కాదు. ఎనిమిదేళ్ల పిల్ల ఆ మొదటి పేరాని కళ్లతో తాకి దాటేస్తుంది. ఎక్కడున్నానో, ఇప్పుడేం రాబోతోందో ఆలోచించే పని లేదు. ఆ పిల్ల బుర్ర మొత్తం ఈ నెల ప్రశ్నకి ఖాళీగా దొరుకుతుంది. ముగ్గురిలో త్యాగం ఎవరిది, రాజు ఎందుకలా చేశాడు అన్న చిక్కుముడికి. కొత్తదనం కథలో ఉంది, గుమ్మంలో లేదు. రెండూ ఒకేసారి మారిస్తే చదివేవాళ్లు గుమ్మం దగ్గరే అలిసిపోతారు. మన సాహిత్యపు సైట్లలో జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. గుమ్మం మహా ప్రయోగాత్మకం, లోపలికి వెళ్తే 1985 నాటి కథ.

అదే రైలు మార్గంలో ఇంకో ఊరు, భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ స్తూపం తవ్వితే ధాతువులు దాచిన రాతి పేటికలు దొరికాయి. వాటి మీది రాతల్ని బ్యూలర్ చదివాడు. క్రీస్తుకి ముందు నాటివి. బ్రాహ్మి లిపే, కానీ అచ్చం అశోకుడి బ్రాహ్మి కాదు. ‘మ’ తలకిందులుగా ఉంటుంది. దానికంటే పెద్ద తేడా ఇంకోటి ఉంది. అశోకుడి పద్ధతిలో ఏ గుర్తూ లేని ‘క’ని ‘క’ అనే చదవాలి, పక్కన చిన్న గీత ఉంటే ‘కా’. భట్టిప్రోలులో ఆ గీత ఉంటే ‘క’, ‘కా’ కావాలంటే ఇంకో గుర్తు. హల్లులో అకారం దానంతటదే ఉంటుందని అనుకోనక్కర్లేదు, ఉన్న శబ్దానికల్లా గుర్తుంటుంది. ఇంజనీరుగా చూస్తే ఇది తిరుగులేని మెరుగు. కానీ ఉత్తరాది నుంచి ఒక భిక్షువు వచ్చి ఆ పేటిక చదివితే ‘క’ ఉన్నచోటల్లా ‘కా’ అని చదువుతాడు. బొమ్మ పాతదే, అర్థం కొత్తది. ఇంతకంటే ప్రమాదకరమైన డిజైన్ ఉండదు. ఆ పద్ధతి నిలబడలేదు. (మన తలకట్టుని చూపించి నన్ను ఇరికించకండి, అది తర్వాతి కాలపు సంగతి.) ఇవాళ గుండె బొమ్మ నొక్కితే ‘నచ్చింది’ అని కాకుండా ‘తర్వాత చదువుతా’ అని దాచే సైట్లు చూసినప్పుడల్లా నాకు ఆ పేటికలే గుర్తొస్తాయి.

అలవాటే గెలవాలని కాదు. అలవాటు గెలిచి మనం నష్టపోయిన సందర్భం మన చేతివేళ్ల కిందే ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చక్కటి అమరిక. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. ఒకసారి నేర్చుకుంటే హిందీ, కన్నడం కూడా అదే వేళ్లతో కొట్టొచ్చు. అయినా మనలో ఎంతమందికి వచ్చు? 1990ల మొదట్లో రైస్ యూనివర్సిటీలోని తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ తయారుచేస్తే జనం అటే నడిచారు, లేఖిని వచ్చాక ఇంకా నడిచారు. ఈ వ్యాసం కూడా ఆ దారిలోనే కొడుతున్నాను. తెలుగు అక్షరం ముందు ఇంగ్లీషు అక్షరంగా మా తరం తలల్లోకి వస్తోంది. ఇది చిన్న నష్టం కాదు. కానీ జనం చేతుల్లో ఏ అలవాటు ఉందో చూసి దాని మీద కట్టినవాళ్ల వల్లే ఇవాళ ఇంటర్నెట్లో ఇంత తెలుగు ఉంది. చూడకుండా కట్టినది ఎంత శాస్త్రీయమైనా బల్ల మీదే ఉండిపోయింది.

దొంగలకీ ఈ సంగతి తెలుసు. అలవాటు ఉన్నచోటే జేబు కొట్టగలం. కుడి పక్క పెద్ద బటన్ అంటే ‘ముందుకు’ అని వేలికి తెలుసు కాబట్టే అక్కడ ‘ఇన్సూరెన్సు కలుపు’ పెడతారు. కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి మాయల్ని 13 రకాలుగా పేర్లు పెట్టి మరీ నిషేధించింది. అడక్కుండా బుట్టలో సరుకు వేయడం, వద్దంటే సిగ్గుపడేలా మాటలు రాయడం, చేరడం తేలిక చేసి మానేయడం కష్టం చేయడం వగైరా. దీన్నిబట్టి మూసని మానేయాలని వాదించేవాళ్లున్నారు. నాకది అర్థం కాదు. తాళం చెవికి నకిలీ తయారవుతుందని తలుపు తీసేస్తామా?

మరి మంచిగా చేయడం ఎలా ఉంటుంది? నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఆరు అంకెలది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అంటే బండి గుంటూరు జిల్లాలో ఎక్కితే బాపట్ల జిల్లాలో దించుతుంది. ఆ రోజు నుంచి రేపల్లె మనిషికి ప్రతి ఆన్‌లైన్ దరఖాస్తులోనూ జిల్లా దగ్గర ఒక జూదం. కొన్ని సైట్లలో బాపట్ల, కొన్నిట్లో ఇంకా గుంటూరే. జిల్లా తప్పితే మండలం దొరకదు, మండలం దొరక్కపోతే దరఖాస్తు కదలదు. కానీ పిన్‌కోడ్ మారలేదు. తెనాలి 522201, బాపట్ల 522101, రేపల్లె 522265. 1972లో వచ్చిన ఆ అంకెలు ఇన్‌లాండు లెటర్ల మీద రాసీ రాసీ మా బాబాయి వేళ్లకి కంఠతా. ముందు పిన్‌కోడ్ అడిగి జిల్లా తనే నింపేసే ఫారాలున్నాయి. అది రాసిన ప్రోగ్రామర్ ఎవరో గానీ వాడి కడుపు చల్లగా ఉండాలి. కొత్త విద్యేదీ నేర్పలేదు. వచ్చిన విద్యని అడిగాడు.

పెద్ద స్థాయిలో చూడాలంటే, 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లో పెట్టింది. ఇంటర్ హాల్‌టికెట్లు కూడా ఆ ఏడాది అందులోనే దొరికాయి. పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య ఒక అమెరికా కంపెనీ కూర్చోవడం మీద నాకు బోలెడు అభ్యంతరాలున్నాయి, అది వేరే వ్యాసం. పొడుగాటి దరఖాస్తులకి చాట్ సరైన చోటు కాదనీ అనుకుంటాను. అయినా సరే, ఇంకో కొత్త యాప్ కట్టి జనాన్ని దాని దగ్గరికి రమ్మనకుండా, జనం పొద్దున లేవగానే తెరిచే చోటికి ప్రభుత్వమే వెళ్లడం ఈ రాష్ట్రంలో నేను చూసిన మంచి డిజైన్ నిర్ణయాల్లో ఒకటి. గుడ్ మార్నింగ్ పువ్వులు పంపడం వచ్చినవాళ్లకి సర్టిఫికెట్ అడగటంలో సగం వచ్చేసినట్టే.

సాహిత్యపు సైట్ల దగ్గరికి మళ్లీ వస్తే, నా పోరు పాత రూపాన్ని ఉప్పులో ఊరేయమని కాదు. అక్షరం సైజు పెంచండి, ఫోన్‌లో సరిగ్గా ఇమిడేలా చేయండి, ప్రకటనల్ని పీకేయండి, ఎవరొద్దన్నారు? కథని ‘కథలు’ కింద పెట్టండి. లింకుకి గీత గీయండి. భూతద్దం బొమ్మ నొక్కితే వెతకనివ్వండి. ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. సైటు రూపం మారిన ప్రతిసారీ పాత లింకులన్నీ చచ్చిపోతున్నాయి. పదేళ్లుగా వ్యాసాల కింద, ఉత్తరాల్లో, ఎవరి డైరీల్లోనో రాసిపెట్టుకున్న చిరునామాలు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే దీని మీద వ్యాసం రాశాడు, చిరునామాలు వాటంతటవి మారవు, మనుషులే మారుస్తారని. మా బాబాయి మొన్న ఒక పాత సమీక్ష కోసం తను రాసిపెట్టుకున్న లింకు నొక్కితే తెల్లటి పేజీ మీద ఒక దారి తప్పిన గొర్రెపిల్ల బొమ్మ వచ్చింది, కింద ఒక కవితాత్మకమైన వాక్యం.

వచ్చే ఉగాదికి కొత్త రూపంతో వస్తున్నామని ఇంకో పత్రిక సంపాదకులు ప్రకటించారు. అభినందనలు. ఒక్కటే అడుగుతున్నాను, పాత లింకులు పనిచేస్తాయా? చేస్తాయంటే రంగుల గురించి తీరిగ్గా పోట్లాడుకుందాం.